కాంటా గ్రౌండుకు తాళం

రాజేశ్వర్‌కు ఫుట్‌బాల్ పిచ్చి అంటించింది చెరకు బండి. ఈ రెండింటికీ లంకె ఏమిటని అడిగేవాళ్లు బోధన్ దిక్కున పుట్టినవాళ్లు అయ్యుండరు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చెరకు బండి కట్టుకుని పోయిన రైతు అదే పూట ఇల్లు చేరిన దాఖలా లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరస కనుచూపు మేర సాగేది. ఎద్దులను విప్పి, ఇంత మేత వేసి, సద్ది మూట విప్పుకుని తిన్నాక ఇక చేసే పని ఉండదు. రైతులందరూ పోయి ఫ్యాక్టరీ మైదానం అంచున కూర్చునేవారు. అక్కడ షిఫ్టు దిగిన కార్మికులు ఫుట్‌బాల్ ఆడేవారు. వాళ్లకు ఒక జట్టు ఉండేది, ఒకే రంగు బనియన్లు ఉండేవి, ఈల ఊదే పెద్దమనిషి ఉండేవాడు. తండ్రి వెంట బండెక్కి పోయిన రాజేశ్వర్ ఆ ఆట చూస్తూ లోకం మరిచిపోయేవాడు. బండి ముందుకు జరిపే వేళకు తండ్రి వచ్చి చెవి పట్టుకుని లేపాల్సి వచ్చేది.

ఫ్యాక్టరీ మూతపడింది. ఆ కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పి ఎవరినీ ఏడిపించే ఉద్దేశం లేదు. చెరకు వేసిన చేలలోకి వరి వచ్చింది, పసుపు వచ్చింది. రాజేశ్వర్ ఊరైన బొమ్మన్‌ఖుర్దులో, చావిడికి ఎదురుగా రోడ్డు అవతల, ఒకప్పుడు ఊరి చెరకంతా తూకం వేసిన కాంటా జాగ మాత్రం సర్కారు తుమ్మ మొలిచి పాడుపడింది. దాన్ని బాగు చేసింది రాజేశ్వర్. తుమ్మ కొట్టాడు, రాళ్లు ఏరాడు, ట్రాక్టర్ వెనక దూలం కట్టి చదును చేశాడు. రెండు దిక్కులా వెదురు బొంగులు పాతి పిల్లలను పిలిచాడు. పసుపు ఉడకబెట్టుకునే మనిషికి ఈ బంతాట ఏమిటని ఊరంతా నవ్వింది. కొన్నేళ్లకు ఊరే దానికి కంచె వేసి ఇనుప గేటు పెట్టించింది. తాళంచెవి రాజేశ్వర్ దగ్గరే ఉండిపోయింది.

ఆయనేదో మహా ఆటగాడని అనుకునేరు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పొలం పని అయ్యాక పంచె ఎగ్గట్టుకుని వచ్చి గట్టున కూర్చుని "కొట్టు, కొట్టు" అని అరవడమే ఆయన నేర్పిన విద్య. ఆ అరుపుల్లోనే ఆయన కూతురు వినీత పెరిగింది. మగపిల్లల మధ్య దూరి ఆడింది, మోకాళ్లు పగలగొట్టుకుంది, బడి జట్టులో ఆడింది, ఆ తర్వాత జిల్లా జట్టులో ఆడింది. ఆడపిల్ల నిక్కరు వేసుకుని ఉరకడమేమిటని చుట్టాలు మూతి విరిస్తే రాజేశ్వర్ వాళ్లతో మాట్లాడడమే మానేశాడు. కూతురి విషయంలో ఆయనది అంత మొండితనం. ఆ మొండితనం చివరిదాకా నిలిచి ఉంటే ఇక్కడ చెప్పుకునే కథే ఉండేది కాదు.

ఎందుకంటే రాజేశ్వర్‌లో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఆయన ఊరి అభివృద్ధి కమిటీలో సభ్యుడు. ఈ దిక్కున ఊరూరా ఇలాంటి కమిటీ ఒకటి ఉంటుంది. కులానికొకరు చొప్పున కూర్చుంటారు. సర్పంచ్ ఉన్నా, ఠాణా ఉన్నా ఊరికి అసలు కోర్టు అదే. ఊళ్లో కోడికూర ఎవరు అమ్మాలి, కల్లు ఎవరు అమ్మాలి, కూల్‌డ్రింకులు ఎవరు అమ్మాలి అన్నది ఏటా వేలంపాట పెట్టి తేలుస్తారు. పాట గెలిచినవాడు తప్ప ఇంకొకడు అమ్మరాదు. వచ్చిన పైకం గుడికి, బడికి, బోర్లకు అంటారు. మాట తప్పినవాడి మీద బంద్ పెడతారు. డప్పు చాటింపు అయిన మరుక్షణం నుంచి ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు. దుకాణంలో ఉప్పు ఇవ్వరు, గిర్నీలో పిండి పట్టరు.

బీడీలు చుట్టుకుని బతికే గంగుబాయి ఇంటి మీద అలాగే బంద్ పెట్టారు. ఆమె కొడుకు భూమేష్ దసరా నాడు ఇంటి ముందు నాలుగు కోళ్లు కోసి అమ్మడమే నేరం. బీడీల గుమాస్తా కూడా ఊరివాడే కాబట్టి ఆమెకు ఆకు, తంబాకు ఇవ్వడం మానేశాడు. గంగుబాయి రాజేశ్వర్ పొలం గట్టు దాకా వచ్చి "అన్నా, నువ్వన్న జెర చెప్పరాదే" అని బతిమాలింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. మాట్లాడితే ఆయన మీదా బంద్ పడుతుంది మరి. ఒక పంట వచ్చి పోయేదాకా ఓర్చి, చివరికి ఆమె చావిడికి వచ్చి తప్పయిందని చేతులు జోడించింది. ఎంతటివాడైనా దిగిరాక తప్పదని కమిటీ వాళ్లంతా తృప్తిగా ఇళ్లకు పోయారు. రాజేశ్వర్ కూడా పోయాడు.

అట్లాంటి ఊరికి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్ వచ్చింది.

కొత్తగా మహిళల లీగు ఒకటి పెట్టారు. అందులో ఒక జట్టును హైదరాబాద్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే భానుప్రసాద్ కొన్నాడు. జట్టుకు 'ఇందూరు యునైటెడ్' అని పేరు పెట్టాడు. నిజామాబాద్ పాత పేరు ఇందూరు కదా, ఆ పేరు వినగానే జిల్లా అంతా ఛాతీ విరిచింది. మైదానం కోసం వెతుక్కుంటూ ఆయన బొమ్మన్‌ఖుర్దు కూడా వచ్చాడు. తెల్ల బూట్లతో కాంటా జాగ అంతా కలియతిరిగి, "ఫెంటాస్టిక్ అండీ, మట్టివాసన అంటే ఇదీ" అన్నాడు. రాజేశ్వర్ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. నేల చదును చేసి గడ్డి పరిపిస్తామని, కూర్చోవడానికి మెట్లు కట్టిస్తామని, బోరు వేయిస్తామని, ఊరి పిల్లను జట్టులోకి తీసుకుంటామని మాటిచ్చాడు. కమిటీ పెద్ద ఆత్మారాం పటేల్ సరేనన్నాడు. రాజేశ్వర్ ఆ రోజంతా నేల మీద నడవలేదు.

అన్న మాట ప్రకారం గడ్డి వచ్చింది. మెట్లు రేకులవైతేనేం, వచ్చాయి. వినీతతో సంతకం పెట్టించుకున్నారు. నిజామాబాద్ బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన ఆటగత్తెల వరసలో, చివరన, కొంచెం చిన్నగా, వినీత కూడా ఉంది. రాజేశ్వర్ మార్కెట్ యార్డుకు పసుపు తీసుకుపోయిన ప్రతిసారీ అవసరం లేకపోయినా బస్టాండు వైపు నుంచి తిరిగి వచ్చేవాడు. పక్కన ఎవరున్నా సరే, "గా అంచుకున్నది మా పిల్లే" అని చూపించేవాడు. లాతూరు నుంచి పసుపు కొనడానికి వచ్చిన మరాఠీ సేటుకు కూడా చూపించాడు. ఆయన "చాంగ్లీ, చాంగ్లీ" అని మెచ్చుకోలుగా తలూపి పసుపు ధర మాత్రం తగ్గించే కొన్నాడు.

సీజన్ మొదలైంది. జట్టు ఓడిపోవడం కూడా మొదలైంది. ఒకటి ఓడి, ఒకటి సమం చేసి, మళ్లీ వరసగా ఓడింది. అయినా కాంటా గ్రౌండులో ఆట ఉన్న రోజు ఊరంతా కదిలేది. పసుపు ఉడకబెట్టే కాగులు దించి, బీడీల చాటలు పక్కన పెట్టి ఆడవాళ్లు కూడా వచ్చేవారు. ఆట అర్థమై కాదు, వినీత కోసం. కానీ వినీత ఆడితే కదా! పసుపుపచ్చ జాకెట్ వేసుకుని గీత బయట బెంచీ మీద కూర్చునేది. మధ్యమధ్యలో లేచి ఒళ్లు వేడి చేసుకోవడానికి అటూ ఇటూ ఉరికి మళ్లీ వచ్చి కూర్చునేది. ఒకే ఒక్కసారి, ఆట చేజారిపోయాక, చివర్లో కాసేపు దింపారు. బంతి ఆమె కాలికి తగిలేలోపే ఈల వేశారు.

"గంత దూరం ఉరికిచ్చి కూసోబెడుతరేందే నిన్ను?" అని తల్లి పుష్పలత అడిగేది.

"నంబర్ రావాలె కదనే అవ్వా. అస్తది" అనేది వినీత.

చివరికి వచ్చింది. సొంత మైదానంలో ఆఖరి ఆటకు కోచ్ రేణుకమ్మ వినీతను మొదటి పదకొండు మందిలో పెట్టింది. నడుమ ఆడే పిల్లకు మోకాలు వాచింది, అదీ కారణం. ఈ ఆటలో ఎట్లా ఆడతావో చూసే వచ్చే ఏడాది ఉంచాలా పంపాలా తేల్చుకుంటానని ఉన్నమాట చెప్పేసింది. వినీత ఫోన్‌లో చెప్పగానే రాజేశ్వర్ కళ్లు తడిశాయి. బెంచీ మీద కూర్చున్న కూతుర్ని చూసీ చూసీ ఆయన లోపల ఎంత కుమిలిపోయాడో పుష్పలతకు కూడా తెలియదు. తాను తుమ్మ కొట్టి బాగు చేసిన నేల మీద, తన కళ్ల ముందు, తన బిడ్డ మొదటి నిమిషం నుంచి ఆడుతుంది. ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. ఊళ్లో కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. గంగుబాయి ఇంటి ముందు ఆగి ఆమెకు కూడా చెప్పాడు. ఆమె తలెత్తకుండానే "మంచిదన్నా" అని బీడీ చుట్టుకుంటూ ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే కూల్‌డ్రింకుల గొడవ లేచింది.

ఊళ్లో కూల్‌డ్రింకులు, చిరుతిండ్లు అమ్మే హక్కు ఆ ఏడాది సాయిరాం పాడుకున్నాడు. గ్రౌండుకు జనం వస్తారని ఆశపడి పాట బాగా పైకి తీసుకుపోయాడు. తీరా ఆటల రోజున క్లబ్ వాళ్లు తమ స్పాన్సర్ కంపెనీ బండి తెచ్చి లోపలే పెట్టుకున్నారు. బయటి సీసా ఒక్కటీ లోపలికి రానివ్వలేదు. సాయిరాం తన మంచుపెట్టెతో గేటు బయట ఎండలో నిలబడ్డాడు. మొదట్లో గొణిగాడు, తర్వాత అరిచాడు, చివరికి కమిటీ ముందు కూర్చున్నాడు. ఊరు పాట పాడించిందా లేదా? పాడించింది. మరి ఇంకొకడు అమ్మవచ్చునా? అమ్మరాదు. లెక్క చాలా సులువుగా తేలిపోయింది. భానుప్రసాద్‌ను చావిడికి రమ్మని కబురు పెట్టారు.

ఆయన రాలేదు. మళ్లీ కబురు పెట్టారు. ఈసారి ఆఫీసు నుంచి ఎవరో కుర్రవాడు ఫోన్ చేసి, సార్ బిజీగా ఉన్నారు, ఏమైనా ఉంటే మెయిల్ చేయండి అన్నాడు. ఆత్మారాం పటేల్ ఫోన్ కింద పెట్టి తలపాగా సవరించుకున్నాడు. ఆ ఊరి చరిత్రలో చావిడికి రానని చెప్పినవాడు ఇతనే మొదటివాడు.

"వానికి బంద్ పెట్టాలె" అన్నాడు సాయిరాం.

"మనిషికి పెడితె ఏమైతది? గ్రౌండుకు తాళం పెట్టాలె. బస్సు గేటు కాడ ఆగంగనే మనిషి కిందికి దిగుతడు, రోడ్డు దాటి గీ చావిడి మీదికి అస్తడు. చాప మీద కూసుంటడు. అరగంట ముచ్చట. మాట ఒప్పుకున్నంక తాళం తీద్దాం, ఆట ఆడుకుంటరు" అన్నాడు ఆత్మారాం పటేల్.

అందరూ రాజేశ్వర్ వైపు చూశారు. ఆ ఆట ఎవరిదో అందరికీ తెలుసు.

"పటేలా, గా ఒక్క ఆట అయినంక పెడితె..." అని ఆయన నసిగాడు.

"అయినంక ఎందుకస్తడే వాడు? నీ పిల్ల ఆట ఎటు పోదు. నేనున్న గద" అన్నాడు పటేల్. ఇంకెవరో వెనక నుంచి, గంగుబాయికి ఒక న్యాయం మనకొక న్యాయమా అన్నారు. ఆ మాట రాజేశ్వర్‌కు సూటిగా తగిలింది. కమిటీలో నిర్ణయమంటే అందరూ చెయ్యెత్తాలి. ఆయన ఎత్తాడు.

వీళ్లను తెలివితక్కువవాళ్లని అనడానికి నాకు నోరు రాదు గానీ, కోపం మాత్రం వస్తుంది. బంద్ పెడితే ఎవడైనా దిగివస్తాడని వాళ్ల నమ్మకం. దిగిరాని మనిషిని వాళ్లు ఎన్నడూ చూడలేదు. ఊళ్లో ఇల్లున్నవాడికి, చేనున్నవాడికి, రేపు ఇంట్లో శవం లేస్తే మోయడానికి నలుగురు కావాల్సినవాడికి బంద్ అంటే భయం. భానుప్రసాద్‌కు ఆ ఊళ్లో కాళ్లు కడుక్కునే గడప కూడా లేదు. ఆయనతో మాట్లాడం పొమ్మన్నా, గ్రౌండుకు తాళం వేసినా ఆయనకు పోయేదేమిటి? ఇంత చిన్న సంగతి చావిడి మీద కూర్చున్న అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరికీ తట్టలేదు.

ఇంటికి రాగానే పుష్పలత దులిపేసింది.

"చెయ్యెత్తినవా? నీ బిడ్డ ఆటకు నువ్వే తాళమేస్తవా?"

"అరగంట ముచ్చటనే. అస్తడు, కూసుంటడు, అయిపోతది."

"రాకపోతె?"

"రాకుంట ఎటు పోతడు?" అన్నాడు రాజేశ్వర్.

ఆట నాడు మధ్యాహ్నం బోధన్ రోడ్డు నుంచి బస్సు మలుపు తిరిగింది. కాంటా గ్రౌండు గేటుకు తాళం వేలాడుతోంది. గేటు లోపల రాజేశ్వర్ నిలబడి ఉన్నాడు, ఎవరూ కంచె దూకకుండా చూడమని ఆయన్నే పెట్టారు. రోడ్డుకు అవతల చావిడి మీద పెద్దచాప పరిచారు. మధ్యలో ఆత్మారాం పటేల్, అటూ ఇటూ మిగతావాళ్లు. భానుప్రసాద్ కోసం ఒక చోటు వదిలారు. తాగడానికి చెంబుతో నీళ్లు కూడా పెట్టారు. జనం చెట్ల కింద, గోడల పక్కన గుంపులుగా నిలబడ్డారు.

బస్సు ఆగింది. వెనకే ఎదుటి జట్టు బస్సూ ఆగింది. ముందు సీట్లో భానుప్రసాద్ కనిపిస్తున్నాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గేటు వైపే చూస్తున్నాడు. డ్రైవర్ దిగి తాళం చూసి మళ్లీ ఎక్కాడు. ఇప్పుడు దిగుతాడు, ఇప్పుడు దిగుతాడు అని రాజేశ్వర్ ఎదురుచూస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. దిగింది వినీత.

ఆట బట్టల మీదే గబగబా నడిచి వచ్చి గేటు ఊచలు పట్టుకుంది.

"బాపూ, తాళం తియ్యి."

"సార్‌ను దిగుమను బిడ్డా. అగో, చావిడి కాడ కూసున్నరు. రెండు మాటలు మాట్లాడితె అయిపోతది."

"ఆయన దిగడు. ఆయనకు గిదే కావాలె బాపూ. తాళం సూసి లోపల నవ్వుతున్నడు. తియ్యి, నీకు దండం పెడత."

రాజేశ్వర్ చావిడి వైపు చూశాడు. ఆత్మారాం పటేల్ పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. పుల్ల తీసి, చెయ్యి కొంచెం పైకెత్తి, ఆగు అన్నట్టు సైగ చేశాడు. పక్కన సాయిరాం మోకాళ్ల మీద లేచి బస్సు వైపు మెడ సాచాడు. ఇంకొకాయన తుండుతో ఈగలు తోలుకుంటున్నాడు. ఎవరి ముఖంలోనూ కంగారు లేదు. వాళ్లకు లేని కంగారు తనకెందుకని రాజేశ్వర్ తనకు తాను చెప్పుకున్నాడు. చేతిలో తాళంచెవి చెమటకు జారుతోంది.

"బాపూ" అని వినీత ఇంకా ఏదో అంటోంది.

"జెర్రాగు బిడ్డా, అస్తడు" అన్నాడు ఆయన, చావిడి మీది నుంచి చూపు తిప్పకుండానే.

కోచ్ రేణుకమ్మ బస్సు మెట్టు మీద నిలబడి "వినీతా, వచ్చెయ్" అని పిలిచింది. చేతులు ఊచలను వదిలాయి. వినీత వెనక్కి పోయి బస్సెక్కింది. బస్సు ఆ ఇరుకు రోడ్డులో ముందుకూ వెనక్కూ అనుకుంటూ అవస్థ పడి తిరిగింది. వచ్చిన దారినే పోయింది. ఎదుటి జట్టు బస్సూ దాని వెనకే పోయింది. దుమ్ము అణిగేదాకా చావిడి మీదివాళ్లు కూర్చునే ఉన్నారు.

"బోధన్ దాక పోయి మళ్లొస్తడు తియ్" అన్నాడు ఆత్మారాం పటేల్.

మళ్లీ రాలేదు. మైదానం చూపించలేని జట్టు ఓడినట్టేనని లీగు తేల్చింది. మిగిలిన ఆటలు బయటి ఊళ్లలో ఆడారు. స్థానికులు సహకరించలేదని పేపర్లో వేశారు. ఒకనాడు లారీ వచ్చి రేకుల మెట్లు విప్పుకుని, గోల్ స్తంభాలు పీక్కుని పోయింది. బోరు మోటారు కూడా తీసుకుపోయారు. సీజన్ అయిపోయాక ఇందూరు అన్న పేరు కూడా జట్టుకు లేకుండా పోయింది. హైదరాబాద్ పేరు తగిలించుకుని కొత్తవాళ్లను తీసుకున్నారు. వినీతను ఇక రానక్కర్లేదన్నారు.

ఊరు ఊరుకుంటుందా? తప్పు ఎవరిదో వెతికింది. దొరికింది రాజేశ్వరే. "నీ బంతి పిచ్చికి ఊరి పరువు పాయె. గా క్లబ్బోన్ని తోలుకొచ్చింది ఎవలు?" అన్నాడు ఆత్మారాం పటేల్ నిండు కమిటీలో. సాయిరాం అయితే పాట నష్టం రాజేశ్వరే భరించాలన్నాడు. గ్రౌండు ఖాళీగా ఎందుకని వడ్లు ఆరబోసుకోవడానికి ఇచ్చేశారు. తెచ్చి పరిచిన గడ్డి మీద వడ్ల కుప్పలు లేచాయి. ఎవరి మీదా బంద్ పెట్టలేదు. పెట్టాల్సిన పని లేకుండానే రాజేశ్వర్ చావిడికి పోవడం మానేశాడు.

వినీత ఇంటికి వచ్చింది. ఏడ్చి గోల చేసింది లేదు. తల్లితో కలిసి పసుపు కొమ్ములు ఏరుతుంది, వంట చేస్తుంది, నిజామాబాద్‌లో ఏదో బట్టల దుకాణంలో పని చూసుకుని పొద్దున్నే బస్సెక్కుతుంది. తండ్రి అడిగినదానికి జవాబు చెప్తుంది. అడగకపోతే నోరు విప్పదు. తిట్టినా బాగుండేదని రాజేశ్వర్ అనుకునేవాడు. కోపంగా ఉన్న కూతురితో ఎట్లా మాట్లాడాలో ఆయనకు తెలుసు. ఇట్లా మర్యాదగా ఉన్న కూతురితో ఎట్లా మాట్లాడాలో తెలియలేదు.

చివరికి ఒకనాడు ఉతికిన తెల్ల పంచె కట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. భానుప్రసాద్ ఆఫీసు పట్టుకోవడానికి చాలా తిరిగాడు. లోపలికి రానిచ్చాక తుండు చేతిలోకి తీసుకుని, కుర్చీలో కూర్చోకుండా, తప్పయింది అన్నాడు. ఊరి తప్పుకు పిల్లను శిక్షించొద్దని, ఒక్కసారి ఆడించి చూడమని బతిమాలాడు. గంగుబాయి చావిడి ముందు ఎట్లా నిలబడిందో తానూ అట్లాగే నిలబడ్డానని ఆయనకు ఆ క్షణాన తోచిందో లేదో నాకు తెలియదు. తోచి ఉంటే బాగుండు.

భానుప్రసాద్ లేచి వచ్చి ఆయన్ని భుజాలు పట్టి సోఫాలో కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు.

"అయ్యో, తప్పేంటండీ. నిజం చెప్పాలంటే మీ ఊరు మాకు మేలు చేసింది. జిల్లా పేరు పెట్టుకుంటే మూడేళ్లు ఆ జిల్లాలోనే ఆడాలని లీగు షరతు. ఊళ్లో ఆడితే స్పాన్సర్లు ఎవరొస్తారు చెప్పండి? ఎలా బయటపడాలా అని మేమే తల పట్టుకున్నాం. స్థానికులు మైదానం ఇవ్వకపోతే మాత్రం మారొచ్చు. మీరు తాళం వేశారు కదా, వీడియో తీసి పంపాం, పని అయిపోయింది" అన్నాడు. చాలా స్నేహంగా, ఏ దాపరికం లేకుండా చెప్పాడు. వినీత గురించి అడిగితే, టీమ్ ఫుల్ అయిపోయిందండీ అన్నాడు. పోయేటప్పుడు కొత్త జట్టు టీషర్టు ఒకటి సంచిలో పెట్టి ఇప్పించాడు. రాజేశ్వర్ దాన్ని జూబ్లీ బస్టేషన్‌లో ఒక బెంచీ మీద వదిలేసి నిజామాబాద్ బస్సెక్కాడు.

ఇల్లు చేరేసరికి వినీత వాకిట్లో కూర్చుని చేతులకు అంటిన పసుపు కడుక్కుంటోంది. ఆయన చెప్పులు విడవకుండానే ఎదురుగా చతికిలబడ్డాడు. హైదరాబాద్ పోయిన సంగతి, భానుప్రసాద్ చెప్పిన సంగతి అంతా చెప్పేశాడు.

"వానికి తాళమే కావాలెనంట బిడ్డా. మేమే వాని పని చేసి పెట్టినమంట. బస్సుల ఉన్నదానివి, నువ్వన్న గా మాట నాకు గప్పుడే చెప్పకపోతివి?"

వినీత చేతులు తుడుచుకుంది. చాలా రోజుల తర్వాత తండ్రి కళ్లలోకి చూసింది.

"చెప్పిన బాపూ. గేటు కాడ నిలవడి చెప్పిన. నువ్వు నన్ను సూస్తలేవు గప్పుడు. చావిడి దిక్కు సూస్తున్నవ్."

ఆమె లేచి లోపలికి పోయింది. రాజేశ్వర్ అక్కడే కూర్చుని ఆ మధ్యాహ్నాన్ని మళ్లీ మొదటి నుంచి తలుచుకున్నాడు. ఆత్మారాం పటేల్ నోట్లో పుల్ల గుర్తుంది. సాయిరాం మెడ సాచడం గుర్తుంది. ఈగలు తోలిన తుండు రంగు కూడా గుర్తుంది. ఊచలకు అవతల తన బిడ్డ ఏడ్చిందో లేదో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.